పీఎం స్వనిధి అప్పు: టిఫిన్ బండికి ఎంతవరకు అక్కరకొస్తుంది?

మార్కెట్ మందగించి, ఉన్న ఉద్యోగం ఊడి, "నాలుగు ఇడ్లీలు అమ్ముకుని బతుకుదాం" అనుకునేవాళ్లు వెంటనే అడిగేది పీఎం స్వనిధి, అంటే వీధి వ్యాపారులకు కేంద్రం బ్యాంకుల ద్వారా ఇప్పించే లోన్ గురించే. మంచి పథకమే. కాకపోతే దీన్ని ఎక్కడ వాడాలో తెలియక చాలామంది దెబ్బతింటున్నారు. ఇది బండి కొనడానికి ఇచ్చే డబ్బు కాదు, కొన్న బండి నడవడానికి ఇచ్చే డబ్బు. ఈ తేడా పట్టుకుని వాడితే ఐదుకు నాలుగు మార్కులు వేయొచ్చు. బండి, స్టవ్వు, గ్రైండర్ అన్నీ ఇందులోనే వచ్చేస్తాయనుకుంటే రెండు కూడా దండగే.

2020 ఏప్రిల్-జూన్ మధ్య దేశ జీడీపీ అంతకుముందు ఏడాదితో పోలిస్తే దాదాపు 24 శాతం పడిపోయింది. ఆ తర్వాతి మూడు నెలలూ తగ్గుదలే. లాక్‌డౌన్‌లో బండ్లన్నీ ఆగిపోయి, చేతిలో ఉన్న పెట్టుబడి తిండికే ఖర్చయిపోయిన వీధి వ్యాపారుల కోసం 2020 జూన్ 1న కేంద్రం ఈ పథకం తెచ్చింది. అప్పట్లో 2020 మార్చి 24 నాటికే వ్యాపారంలో ఉన్నవాళ్లకు మొదటి విడతగా పది వేలు ఇచ్చారు. అంటే పుట్టుకతోనే ఇది ఆగిన బండిని మళ్లీ రోడ్డెక్కించే అప్పు. కొత్తగా రోడ్డెక్కేవాడిని దృష్టిలో పెట్టుకుని రాసింది కాదు. నిబంధనల్లో ఆ వాసన ఇప్పటికీ ఉంది.

2025 ఆగస్టులో పథకాన్ని మార్చి, అప్పులిచ్చే గడువును 2030 మార్చి 31 దాకా పొడిగించారు. ఇప్పుడు మొదటి విడత 15,000 దాకా, రెండోది 25,000 దాకా, మూడోది 50,000 దాకా. మొదటిది 12 నెలల్లో, రెండోది 18 నెలల్లో, మూడోది 36 నెలల్లో తీర్చాలి. తాకట్టు అక్కర్లేదు. వాయిదాలు సక్రమంగా కడితే ఏడాదికి 7 శాతం చొప్పున వడ్డీ రాయితీ ఖాతాలో పడుతుంది. ముందే తీర్చేస్తే జరిమానా లేదు.

లెక్క వేసి చూద్దాం. బ్యాంకు వడ్డీ 12 శాతం అనుకుంటే 15,000కు నెల కిస్తు సుమారు 1,333. ఏడాది మొత్తానికి వడ్డీ వెయ్యి రూపాయల లోపే. అందులో 580 దాకా రాయితీగా వెనక్కి వస్తుంది. చేతినుంచి పోయేది నాలుగు వందల పైచిలుకు. బ్యాంకును బట్టి వడ్డీ శాతం మారుతుంది, ప్రైవేటు ఫైనాన్స్ సంస్థ ద్వారా తీసుకుంటే ఇంకా ఎక్కువ ఉంటుంది, కాబట్టి సంతకం పెట్టేముందు శాతం ఎంతో అడగాలి.

దీని పక్కన గిరిగిరి, అంటే రోజూ వచ్చి వసూలు చేసుకునే ప్రైవేటు వడ్డీ అప్పు, పెట్టి చూడండి. పదిహేను వేలు అని రాయించుకుని, పదో వంతు ముందే కోసుకుని 13,500 చేతిలో పెడతారు. రోజుకు 150 చొప్పున వంద రోజులు కట్టాలి. వంద రోజులకు 1,500 అంటే పెద్ద వడ్డీలా కనిపించదు. కానీ అసలు రోజూ తగ్గిపోతూ ఉంటుంది కదా, ఆ లెక్కన చూస్తే ఏడాదికి 75 శాతం పైమాటే. అంతకంటే ప్రమాదం ఆ రోజువారీ 150. వానపడి బండి తీయని రోజు కూడా వసూలు కుర్రాడు వస్తాడు. ఆ రోజు కట్టేది రేపటి మినపగుళ్ల డబ్బు. అలా మూడు రోజులు గడిస్తే సరుకు తగ్గుతుంది, సరుకు తగ్గితే గిరాకీ పోతుంది, దాన్ని పూడ్చడానికి ఇంకో అప్పు. మాంద్యంలో మూతపడిన బండ్లన్నీ రుచి బాగోలేక పోయినవి కావు, ఇలా పోయినవీ ఉన్నాయి. స్వనిధి కిస్తు కోసం నెలకు 26 రోజులు బండి తీసినా రోజుకు 52 రూపాయలు డబ్బాలో వేస్తే సరిపోతుంది. సెలవు రోజు ఎవరూ తలుపు తట్టరు. ఈ ఒక్క కారణంతోనే ఈ అప్పు తీసుకోవచ్చు.

ఇక కాగితాల దగ్గరికి వద్దాం. ఇక్కడే ఎక్కువమంది చిక్కుకుంటారు. మున్సిపాలిటీ చేసే వీధి వ్యాపారుల సర్వేలో పేరెక్కి, వెండింగ్ సర్టిఫికెట్ (వీధిలో అమ్ముకోవడానికి ఇచ్చే అనుమతి పత్రం) గానీ గుర్తింపు కార్డు గానీ ఉంటే దారి సులువు. సర్వేలో పేరు ఉండి కార్డు చేతికి రాకపోతే స్వనిధి పోర్టల్‌లో సర్వే నంబర్ వెతికి దాంతో వెళ్లొచ్చు. సర్వే తర్వాత వ్యాపారం మొదలెట్టినవాళ్లకు సిఫార్సు లేఖ కావాలి. అది ఇవ్వాల్సింది మున్సిపాలిటీ లేదా టౌన్ వెండింగ్ కమిటీ, పదిహేను రోజుల్లో తేల్చాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఈ పని మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) చూస్తుంది. వార్డులోని ఆర్‌పీని (మెప్మా రిసోర్స్ పర్సన్‌ని) పట్టుకుంటే దరఖాస్తు ఆమే పెట్టిస్తుంది, దళారీ అవసరం లేదు.

సిఫార్సు లేఖ అడిగేటప్పుడు "పెట్టబోతున్నాను" అంటే ఫైలు అక్కడే ఆగిపోతుంది. బండి నడుస్తున్నట్టు చూపాలి. కాబట్టి ముందు చిన్నగానైనా మొదలుపెట్టి, బండితో ఆ చోట దిగిన ఫొటోలు, సరుకు కొన్న బిల్లులు, వీధి వ్యాపారుల సంఘంలో సభ్యత్వ రశీదు దాచి పెట్టుకోవాలి. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ కూడా వెంటనే తీసుకోండి. పద్నాలుగు అంకెల నంబర్ వస్తుంది. ఏడాదికి వంద రూపాయలున్న ఫీజును వీధి ఆహార వ్యాపారులకు 2024లో ఎత్తేశారు. బండి మీద ఆ నంబర్ రాయించుకుంటే తనిఖీలో మాట నిలబడుతుంది.

ఆధార్‌కు ఫోన్ నంబర్ లింకై ఉండాలి, ఓటీపీ దానికే వస్తుంది. ఆధార్‌లో, ఓటరు కార్డులో ఇంటిపేరు ఒకే తీరుగా ఉండాలి. పెళ్లయ్యాక ఒక కార్డులో మారి, ఇంకోదాంట్లో మారని ఆడవాళ్ల దరఖాస్తులు దీనివల్లే వెనక్కి వస్తాయి. దరఖాస్తులో బ్యాంకు ఎంచుకోమన్నప్పుడు ఖాతా ఎప్పటినుంచో నడుస్తున్న బ్రాంచినే పెట్టండి. ముఖం తెలిసిన చోట ఫైలు కదిలినట్టు కొత్త చోట కదలదు. పాత మైక్రోఫైనాన్స్ గ్రూపు అప్పు బకాయి ఉంటే సిబిల్‌లో, అంటే మన అప్పుల చరిత్ర రికార్డులో, కనిపిస్తుంది. తాకట్టు లేదు కదా అని బ్యాంకు అది చూడకుండా ఉండదు. ముందు దాన్ని కట్టి, నో డ్యూ కాగితం తీసుకున్నాకే దరఖాస్తు పెట్టడం మేలు.

ఎవరూ ముందుగా చెప్పని చిక్కు ఇంకోటి ఉంది. పూర్తి కేవైసీ (గుర్తింపు కాగితాల పరిశీలన) లేకుండా తెరిచిన చిన్న ఖాతా అయితే ఒక ఆర్థిక సంవత్సరంలో లక్షకు మించి జమ కాకూడదు, నెలకు పది వేలకు మించి తీయకూడదు, నిల్వ యాభై వేలు దాటకూడదు. పాత జన్‌ధన్ ఖాతాల్లో ఇలాంటివి ఉన్నాయి. బండికి క్యూఆర్ కోడ్ తగిలించి రోజుకు ఏడెనిమిది వందలు ఫోన్‌లో తీసుకుంటే ఐదారు నెలలు తిరిగేసరికి లక్ష దాటిపోతుంది. ఖాతా ఆగిపోతుంది, కిస్తు వెనక్కి పోతుంది, దాని మీద బౌన్స్ చార్జీ పడుతుంది. అప్పు చేతికి రాకముందే బ్రాంచికెళ్లి ఆధార్, పాన్ ఇచ్చి పూర్తి కేవైసీ చేయించుకోండి. పది నిమిషాల పని.

మరి బండికి డబ్బు ఎక్కడిది? ఇంట్లో ఆడవాళ్లు పొదుపు సంఘంలో ఉంటే అదే అన్నిటికంటే మంచి దారి. సంఘం అంతర్గత అప్పు గానీ బ్యాంకు లింకేజీ (సంఘానికి బ్యాంకు ఇచ్చే అప్పు) గానీ బండికి, సామానుకు వాడి, స్వనిధిని సరుకుకు వాడితే లెక్క కుదురుతుంది. సంఘం లేకపోతే చిన్న వ్యాపారాలకు కేంద్రం పెట్టిన ముద్రా పథకంలో శిశు అప్పు ఉంది, 50,000 దాకా, దానికీ తాకట్టు లేదు. కొత్త వ్యాపారానికీ ఇస్తారు కాబట్టి మొదలుపెట్టేవాళ్లు అడగాల్సింది నిజానికి ఇదే.

మాంద్యంలో ఒక అనుకూలత ఉంది: వాడిన బండ్లు, సామాను చవగ్గా దొరుకుతాయి. చూసి కొనాలి. పెనం మీద గ్లాసు నీళ్లు పోయండి. నీళ్లు ఒక పక్కకు జారి మడుగు కట్టాయంటే పెనం వంగింది, దోసె ఒకవైపు మాడి ఇంకోవైపు పచ్చిగా ఉంటుంది. పెనం మందం పది మిల్లీమీటర్లయినా ఉండాలి. పల్చని పెనం వేడి నిలబెట్టుకోదు, వరసగా నాలుగు దోసెలు పోసేసరికి చల్లారిపోయి ఐదోది అంటుకుంటుంది. బండిని ఖాళీగా కాకుండా ఇద్దరు మనుషుల్ని ఎక్కించి తోసి చూడండి, ఇరుసు బేరింగు పోతే అప్పుడే తెలుస్తుంది. సిలిండర్ పెట్టే అరకు అడుగున గాలి పోయే రంధ్రాలు ఉన్నాయో లేదో వంగి చూడండి. గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే కిందికే దిగి పేరుకుంటుంది. పైన జాలీ పెట్టి కింద రేకు మూసేసిన బండ్లు బోలెడు కనిపిస్తాయి, అవి చాలా ప్రమాదం. రేకు కోయించి జాలీ వేయించనిదే అందులో సిలిండర్ పెట్టొద్దు. గొట్టం, రెగ్యులేటర్ మాత్రం పాతవి కొననే వద్దు. ఇంటి సిలిండర్ బండికి వాడితే చట్టరీత్యా తప్పు, పట్టుకుంటే సిలిండరూ పోతుంది. 19 కిలోల కమర్షియల్ కనెక్షన్‌కు డిపాజిట్ భారమనిపిస్తే ఐదు కిలోల సిలిండర్‌తో మొదలుపెట్టొచ్చు. గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు, చిరునామా రుజువు అడగరు. కిలో లెక్కన కొంచెం ఎక్కువ పడుతుంది గానీ మొదటి నెల గిరాకీ ఎంతో తెలిసేదాకా అదే నయం.

ఇప్పుడు స్వనిధి డబ్బు ఏం చేయాలో చూద్దాం. ఒక ఉదాహరణ: పొద్దున పూట మాత్రమే నడిచే చిన్న బండి. ఇడ్లీకి రెండు కిలోల మినపగుళ్లు, ఐదు కిలోల ఇడ్లీ రవ్వ. మోస్తరు సైజులో 250 దాకా ఇడ్లీలు వస్తాయి, నాలుగేసి చొప్పున అరవై ప్లేట్లు. దోసెకు కిలో మినపగుళ్లు, నాలుగు కిలోల బియ్యం, గుప్పెడు మెంతులు. ఎనభై, తొంభై దోసెలు. పల్లీలు, పుట్నాలపప్పు కలిపి మూడు కిలోలు, సాంబారుకు కిలో కందిపప్పు. ఇవన్నీ ఏ రోజుకారోజు వీధి చివర కిరాణా కొట్టులో కొంటే లాభంలో పెద్ద ముక్క కొట్టువాడికే పోతుంది. చేతిలో పదిహేను వేలుంటే వారం రోజుల పప్పు, రవ్వ, నూనె డబ్బా, 26 కిలోల బియ్యం బస్తా హోల్‌సేల్‌లో ఒకేసారి తెచ్చుకోవచ్చు. హైదరాబాద్ వాళ్లకు బేగంబజార్ ఉంది, విజయవాడ వాళ్లకు గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్ ఉంది. అలా మిగిలే తేడాతోనే నెల కిస్తు వెళ్లిపోతుంది. పదిహేను వేలలో పది వేల సరుకు, మూడు వేలు గ్యాస్‌కు, మిగతా రెండు వేలు ముట్టకుండా ఖాతాలో. ఆ రెండు వేలు మొదటి నెల కిస్తుకు, జ్వరం వచ్చి బండి తీయని వారానికి. దీన్ని కదిలించారంటే మళ్లీ గిరిగిరి గుమ్మమే.

సరుకు ఎక్కువ ఉంది కదా అని పిండి ఎక్కువ రుబ్బడం కొత్తవాళ్లు చేసే పొరపాటు. ఎండాకాలంలో పిండి ఆరేడు గంటల్లోనే పొంగి పులిసిపోతుంది, రాత్రి పదికి రుబ్బితే తెల్లారేసరికి సరిపోతుంది. చలికాలంలో పన్నెండు గంటలైనా కదలదు, సాయంత్రం ఐదారింటికే రుబ్బి గిన్నెకు గోనెసంచి చుట్టాలి. గ్రైండర్ వేడెక్కితే మినప్పిండి పొంగదు, అందుకే చల్లటి నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ రుబ్బుతారు. మిగిలిన ఇడ్లీ పిండి మర్నాడు దోసెకు, పునుగులకు పోతుంది. మిగిలిన కొబ్బరి చట్నీ మాత్రం ఎందుకూ పనికిరాదు. అందుకే మొదటి రెండు నెలలు కొబ్బరి జోలికి పోకుండా పల్లీ చట్నీ, అల్లం చట్నీతో సరిపెట్టుకోవడం తెలివైన పని.

మాంద్యంలో నూనె వంటకాలతో మొదలుపెట్టొద్దు. మైసూరు బోండా, పూరీ గిరాకీ ఉన్నవే. కానీ నూనె ధర ఒక్కసారి ఎగిరితే ప్లేటు ధర అదే రోజు పెంచలేం, పెంచకపోతే నష్టం. నూనెను మళ్లీ మళ్లీ కాచి సరిపెడదామంటే వాసన పడుతుంది, తిన్నవాడికి గుండెల్లో మంట, మళ్లీ రాడు. ఇడ్లీ ఆవిరి మీద ఉడుకుతుంది. గ్యాస్ తప్ప ఖర్చు పెరిగేది పెద్దగా లేదు. జేబులో డబ్బు తగ్గినవాళ్లు హోటల్ మానేసి బండి దగ్గరికి వచ్చేది కూడా ఇడ్లీ కోసమే. ఇడ్లీ, దోసె రెండే పెట్టి, రెండూ బాగా చేయండి. పార్శిల్ న్యూస్‌పేపర్‌లో కట్టొద్దు, సిరా తిండికి అంటుతుంది, అది నిషేధం కూడా. విస్తరాకు ముక్కలు చవకే.

డిజిటల్ క్యాష్‌బ్యాక్ గురించి ప్రచారం ఎక్కువ జరిగింది. మొదట్లో నెలకు 50 లావాదేవీలకు 50 రూపాయలు, 100కు 75, 200కు వంద ఇచ్చేవారు. అంటే ఏడాదికి గరిష్ఠంగా 1,200. అదీ ఒక్కో చెల్లింపు 25 రూపాయలకు తగ్గకపోతేనే లెక్క. టీ బండికి ఇది దాదాపు ఉపయోగపడలేదు, టిఫిన్ బండికి బాగానే కలిసొచ్చింది. మార్పుల తర్వాత చిల్లర అమ్మకాలతో పాటు హోల్‌సేల్ కొనుగోళ్లనూ కలిపి 1,600 దాకా ఇస్తున్నారు. కాబట్టి మార్కెట్‌లో పప్పు కొన్నప్పుడు కూడా ఫోన్‌లోనే కట్టండి. అలా కడితే సరుకు లెక్క కూడా రాయకుండానే మిగులుతుంది, రెండో విడతప్పుడు బ్యాంకుకు చూపించడానికి అంతకంటే మంచి రుజువు లేదు.

వడ్డీ రాయితీ మూడు నెలలకోసారి, అంటే జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలాఖరు లెక్కలతో ఖాతాకు వస్తుంది. ఆ తేదీకి అప్పు మొండి బకాయిల్లో పడి ఉంటే ఆ రాయితీ రాదు. పాస్‌బుక్ అచ్చు వేయించి ఏడాదికి నాలుగుసార్లు చూసుకోండి. ఎక్కువమందికి ఇది వస్తుందని కూడా తెలియదు.

ఈ పథకంలో నాకు అస్సలు నచ్చని చోటు ఒకటుంది. అప్పు ఇస్తారు, నిలబడే చోటుకు మాత్రం హామీ ఇవ్వరు. లోన్ కాగితం చూపిస్తే ట్రాఫిక్ పోలీసులు వదిలేస్తారని అనుకోవద్దు. చోటుకు బలం 2014 వీధి వ్యాపారుల చట్టం. సర్వే పూర్తయి, అర్హులందరికీ సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని అందులో ఉంది. తరలించాలంటే ముప్పై రోజుల నోటీసు ఇవ్వాలి. బండి పట్టుకెళ్తే స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా రాసి ఇవ్వాలి. ఫీజు కట్టి అడిగితే పాడైపోయే సరుకు అదే రోజు, మిగతా సామాను రెండు పనిదినాల్లో వదలాలి. ఆ జాబితా అడగడం మర్చిపోవద్దు. కాగితం లేకపోతే పెనం ఉందో పోయిందో రుజువు చేయలేరు. అందుకే సిఫార్సు లేఖతో అప్పు వచ్చింది చాలు అని ఆగకుండా, వెండింగ్ సర్టిఫికెట్ కోసం అదే ఆఫీసులో వెంటబడాలి. సర్టిఫికెట్ వచ్చాక ఆ చోటు ఇంకొకరికి అద్దెకిస్తే రద్దవుతుంది. ఇంట్లోవాళ్లు నడిపితే పర్వాలేదు.

అసలు విలువ మొదటి విడతలో కాదు, మెట్లలో ఉంది. అదే 12 శాతం లెక్కన 15,000కు కిస్తు 1,333. రెండో విడత 25,000కు సుమారు 1,525. మూడో విడత 50,000కు 1,661. అప్పు మూడింతలకు పైగా పెరిగినా నెలకు కట్టేది మూడు వందల చిల్లరే పెరుగుతుంది, ఎందుకంటే గడువు కూడా సాగుతుంది. మొదటి ఏడాది ఒక్క కిస్తు కూడా తప్పకుండా కట్టాలనేది ఇందుకే. ఒక్కసారి తప్పితే వందో రెండొందలో చార్జీతో పోదు, పై మెట్టు అందకుండా పోవచ్చు. రెండో విడత తీర్చినవాళ్లకు యూపీఐకి కలిపే రూపే క్రెడిట్ కార్డు కూడా ఇస్తున్నారు. సరుకు కొని గడువులోపు కట్టేసేవాళ్లకు మంచిదే, ఇంటి ఖర్చులు దాని మీద పెట్టారంటే మాత్రం కష్టం.

పెద్ద సామాను గురించి ఆలోచించాల్సింది మూడో విడత దగ్గరే. అప్పుడు కొనాల్సిన మొదటి వస్తువు పది లీటర్ల టిల్టింగ్ గ్రైండర్ (గిన్నెను వంచి పిండి తీసుకునేది). ఇంటి గ్రైండర్‌లో మూడు, నాలుగు వాయిలుగా రుబ్బే పిండి ఒకటి రెండు వాయిల్లో అయిపోతుంది, రాత్రి రెండు గంటల నిద్ర మిగులుతుంది. కొనే ముందు ఇంట్లో కరెంటు మీటరు ఆ లోడు పడుతుందో లేదో కనుక్కోండి, బిల్లులో మోటారుకు, రాయికి విడివిడిగా గ్యారంటీ ఎన్నేళ్లో రాయించుకోండి.